తడి నేలలో పార దించే ముందు

మార్చిలో వరసగా రెండు రోజులు ఎండ కాస్తే చాలు, అమెరికాలోని సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బాతెల్, సమామిష్ లాంటి ఊళ్లలో పెరడున్న తెలుగువాళ్ల చేతులు ఊరుకోవు. ఉగాది దగ్గర పడుతుంటుంది. గోంగూర, బెండ, బీర, సొర విత్తనాలు డబ్బాల్లో ఎదురుచూస్తుంటాయి. నర్సరీలు నారు ట్రేలు బయట పెట్టేస్తాయి. అక్టోబర్ నుంచి గరాజ్‌లో మూలపడి ఉన్న పార బయటికొస్తుంది. కాస్త పెద్ద పెరడైతే టిల్లర్ అద్దెకు తెస్తారు. ఆ శని, ఆదివారాల్లో తడి మట్టిని తిరగేయడం వల్ల జరిగే నష్టం తర్వాత వేసవంతా వేసే ఎరువులతో పూడేది కాదు. కాపు సరిగా లేకపోతే విత్తనాన్నో, ఇక్కడి చలినో అనుకుంటారు. కానీ చాలా పెరళ్లలో అసలు దెబ్బ మార్చిలోనే, మట్టికే తగులుతుంది.

సియాటిల్‌లో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విజయవాడలోనూ దాదాపు అంతే. తేడా అంతా పడే తీరులో ఉంది. విజయవాడలో వాన దంచికొట్టి వెళ్లిపోతుంది, మర్నాటికి ఎండ కాస్తుంది, పైమట్టి త్వరగానే ఆరుతుంది. ఇక్కడ ఏడాది వానలో నాలుగింట మూడు వంతులు అక్టోబర్, మార్చి మధ్య సన్నటి జల్లుగా రోజుల తరబడి పడుతుంది. ఆ నెలల్లో ఎండ కాసినా వేడి ఉండదు. చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి వేళ్లతో నీళ్లు లాగేవీ తక్కువే. నేలలోకి దిగిన తడి మళ్లీ పైకి ఆవిరయ్యే దారి దాదాపు మూసుకుపోతుంది. అదే జులై, ఆగస్టు రెండు నెలలూ కలిపితే 40 మిల్లీమీటర్లు పడితే గొప్ప. నీళ్లు వద్దనుకునే నెలల్లో అతిగా, కావాలనుకునే నెలల్లో అసలు లేకుండా ఉండే వాతావరణం ఇది. మార్చిలో పైన అంగుళం మట్టి ఆరినట్టు కనిపించినా, జానెడు లోతున నీరు అలాగే ఉంటుంది.

దీనికి తోడు అడుగున ఉన్న నేల సంగతి. సుమారు 17 వేల ఏళ్ల కిందట ఇప్పటి సియాటిల్ మీద 900 మీటర్ల మందాన మంచు ఉండేది. ఆ బరువుకు కింద ఉన్న మట్టి, గులక, ఇసుక కలిసి అణిగిపోయి, పార దిగనంత గట్టి పొరగా మారాయి. మెరక ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఆల్డర్‌వుడ్ రకం నేలలో ఈ పొర అర మీటరు నుంచి మీటరు లోతులో తగులుతుంది. పైన గులక కలిసిన ఇసుక గరప నేల బాగానే కనిపిస్తుంది, నీరూ సులువుగానే దిగుతుంది. కింద పొర దగ్గర ఆగిపోయి అక్కడి నుంచి మళ్లీ పైకి నిండుకుంటూ వస్తుంది. కొత్త కాలనీల్లో పరిస్థితి ఇంకా కష్టం. ఇళ్లు కట్టేటప్పుడు పైమట్టి గీకేసి, యంత్రాలు తిరిగి తిరిగి నేలను అణగదొక్కుతాయి. ఆఖరున పల్చగా మట్టి పరిచి, పైన గడ్డి చాపలు వేసేస్తారు. ఆ గడ్డి తీసి కూరగాయల మడి చేద్దామనుకునేవాళ్లకు రెండు మూడు అంగుళాల కిందే గట్టి నేల తగులుతుంది. కెంట్, ప్యూయాలప్ లాంటి నదీ లోయల్లో ఒండ్రు నేలలు సారవంతమైనవే. అయితే సన్నటి ఒండ్రు, తడిగా ఉన్నప్పుడు తొక్కితే అంతే తేలిగ్గా అణిగిపోతుంది.

తడి మట్టిని తిరగేస్తే ఏమవుతుందో వరి పండించిన ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దమ్ము చేసేది అందుకే కదా. మడిలో నీరు పెట్టి, కలియదున్ని, మట్టి రేణువుల మధ్య ఉన్న కట్టును కావాలనే చెడగొడతారు. రేణువులు విడిపోయి సన్నటి బురదవుతాయి. ఆ బురద నెమ్మదిగా కిందికి దిగి, ఖాళీలను మూసేసి, నీరు ఇంకకుండా అడుగున అడ్డుపొర కడుతుంది. వరికి నీరు నిలవాలి కాబట్టి అక్కడ అది వరం. వరి తన వేళ్లకు గాలిని కాండంలో నుంచి కిందికి పంపుకోగలదు. టమాటా, బెండ, చిక్కుడు ఆ పని చేసుకోలేవు. మార్చిలో తడి పెరట్లో టిల్లర్ తిప్పడం అంటే కూరగాయల మడికి దమ్ము చేయడమే. పైన చూడటానికి మట్టి పొడిపొడిగా, అందంగా తయారైనట్టు ఉంటుంది. టిల్లర్ కత్తులు తగిలిన లోతున మాత్రం నున్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. రెండు వానలు పడ్డాక పైన పొడి కూడా అట్ట కడుతుంది. జూన్‌లో ఎండలు ముదిరితే అదే అట్ట పగుళ్లు తీస్తుంది, గడ్డపారతో కొట్టాల్సినంత గట్టిపడుతుంది.

మట్టిలో సగం మట్టే కాదు అన్న సంగతి గుర్తుంటే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బాగున్న తోట మట్టి పరిమాణంలో దాదాపు సగం ఖాళీలే. ఆ ఖాళీల్లో సుమారు సగం నీరు, సగం గాలి ఉంటే వేళ్లకు హాయి. ఖాళీల్లో పెద్దవి, చిన్నవి ఉంటాయి. చిన్నవి నీటిని పట్టి ఉంచుతాయి. పెద్దవి అదనపు నీటిని కిందికి వదిలేసి గాలిని లోపలికి రానిస్తాయి. మట్టి పొడిగా ఉన్నప్పుడు రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని మనిషి బరువుకు తట్టుకుంటాయి. తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీరు జారుడుగా పనిచేసి, కాలు మోపగానే అవి ఒకదాని మీదికొకటి జరిగి సర్దుకుంటాయి. ముందు నలిగిపోయేవి పెద్ద ఖాళీలే. అవి పోతే గాలి దారి పోయినట్టే. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. గాలి అందని చోట సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను వాడుకుని, అందులోని నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి. డబ్బు పోసి కొన్న ఎరువు అలా ఎగిరిపోతుంది. అడుగు లోతు తవ్వినప్పుడు మట్టి బూడిద రంగులో, మధ్యమధ్య తుప్పు మచ్చలతో కనిపించినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా అక్కడ నీరు చాలాకాలంగా నిలుస్తోందని అర్థం. ఖాళీలు ఒక్క మధ్యాహ్నంలో నలిగిపోతాయి. వానపాములు, వేళ్లు, చలికి మట్టి గడ్డకట్టి విడిపోవడం, ఇవన్నీ కలిసి మళ్లీ వాటిని కట్టాలంటే ఏళ్లు పడుతుంది.

మన డెల్టా రైతు ఈ చిక్కును ఏనాడో ఎదుర్కొన్నాడు. కృష్ణా డెల్టాలో వరి కోసే నాటికి నేల ఇంకా పచ్చిగానే ఉంటుంది. దమ్ము చేసిన ఆ నేలను అప్పుడు దున్నితే పెళ్లలు లేస్తాయి, ఆరేదాకా ఆగితే మినుముకు అదును దాటిపోతుంది. అందుకే కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, పార లేదు. మిగిలిన తడితోనే పంట వస్తుంది. అదే నేలల్లో వరి తర్వాత దున్నకుండా రంధ్రాలు వేసి మొక్కజొన్న గింజలు పెట్టే పద్ధతీ బాగా పాకింది. తడి నేలను దున్నడం కన్నా దున్నకుండా ఉండటమే మేలన్న తెలివి అందులో ఉంది. సియాటిల్ పెరట్లోనూ ఆ తెలివే పనికొస్తుంది.

అయితే నేల ఎప్పటికి పదునుకొచ్చిందో తెలుసుకునేదెలా? క్యాలెండర్ చెప్పదు, పైమట్టి రంగూ చెప్పదు. పారతో ఒక జానెడు లోతు గుంట తీసి, అడుగున ఉన్న మట్టిని గుప్పెడు తీసుకోవాలి. పైది కాదు, కిందిదే. దాన్ని పిడికిట్లో గట్టిగా నొక్కి చేయి తెరవాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారినా, అరచేయి మెరిసేలా తడైనా ఆ రోజుకు పని మానేయొచ్చు. ముద్ద కట్టి నిలిస్తే బొటనవేలితో దాని పక్కన నొక్కాలి. వేలి ముద్ర పడి ముద్ద అలాగే ఉంటే ఇంకా పచ్చి. ముద్ద విరిగి పొడిపొడిగా రాలిపోతే పదును వచ్చినట్టు. ఆ గుంటలో పార కోసిన గోడనూ చూడాలి. అది నున్నగా, గీసినట్టు మెరుస్తుంటే ఇనుము తగిలిన ప్రతిచోటా మట్టి పులుముకుపోతోందన్న మాట. గరుకుగా, చిన్న చిన్న పలుకులుగా విరుగుతుంటే తవ్వొచ్చు. ఈ పరీక్ష మడి మడికీ వేరుగా చేయాలి. కంచె నీడ పడే మూల మడికీ, దక్షిణం ఎండ తగిలే మడికీ రెండు మూడు వారాల తేడా రావడం మామూలే.

నీరు ఎలా దిగుతుందో చూడాలన్నా పెద్ద ఖర్చు లేదు. అడుగు లోతు గుంట తీసి, నీటితో నింపి, దిగిపోయాక మళ్లీ నింపి, స్కేలు పెట్టి గంటకు ఎంత దిగిందో కొలవాలి. గంటకు అంగుళం దాకా దిగితే నేల మంచిదే. అర అంగుళం కూడా దిగకపోతే అక్కడ ఎత్తు మడి కట్టడమో, వేరే చోటు చూసుకోవడమో మంచిది. మార్చిలో తవ్విన గుంటలోకి నీళ్లు పోయకముందే పక్కల నుంచి ఊరొచ్చి నిండితే ఇక కొలతలతో పనే లేదు.

ఆగితే పంట ఆలస్యమవుతుందన్న భయం ఒకటుంది. మన కూరగాయల విషయంలో ఈ భయం అక్కర్లేదు. తడి నేల అంటే చల్లటి నేల. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి, అదే బరువున్న పొడి మట్టికి పట్టే దానికన్నా సుమారు అయిదు రెట్లు. పైగా తడి ఆవిరయ్యేటప్పుడు మట్టిలోని వేడిని తనతో పట్టుకుపోతుంది. మార్చి నెలాఖరున ఇక్కడి నేల వేడి సాధారణంగా 10 డిగ్రీల లోపే. చిక్కుడు గింజకు కనీసం 16 డిగ్రీలు కావాలి. బెండ, గోంగూర, బీర, కాకర మొలవాలంటే 20 దాకా రావాలి. ఇక్కడ నేల 16 డిగ్రీలకు చేరేసరికి మే నెల సగం గడుస్తుంది. ఏప్రిల్ మొదట్లో బెండ గింజ వేసినవాళ్లకు అది మొలవదు, మట్టిలోనే మెత్తబడి కుళ్లుతుంది. నారుకుళ్లు తెగులు తెచ్చే బూజుకు చల్లటి తడి నేలే పుట్టిల్లు. ఏప్రిల్‌లో వేసిన విత్తనాన్నీ, మే ఆఖరున వేసినదాన్నీ జులైలో పక్కపక్కన చూస్తే చాలాసార్లు రెండోదే ముందుంటుంది. అంటే నేల ఆరడానికి పట్టే కాలం, మన విత్తనాలకు వేడి రావడానికి పట్టే కాలం ఇంచుమించు ఒకటే. తడి నేలతో ఏప్రిల్‌లో కుస్తీ పట్టి దక్కించుకునేదేమీ లేదు. ఆ వారాల్లో బీర, సొర, గోంగూర, వంగ, మిరప నారు ఇంట్లో కిటికీ దగ్గరో, లైట్ల కిందో పెంచుకుంటే కాలం కలిసొస్తుంది. ఇక్కడి వేసవి చిన్నది కాబట్టి నారు పోసి నాటడమే వీటికి సరైన దారి కూడా.

చలికి ఓర్చుకునేవి మాత్రం ముందే వేసుకోవచ్చు. పచ్చి బఠాణీ 5 డిగ్రీలకే మొలుస్తుంది. పాలకూర, ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర కూడా చల్లదనాన్ని తట్టుకుంటాయి. వీటికోసం పెరడంతా తిరగేయక్కర్లేదు. నీరు నిలవని ఎత్తు మడి ఒకటి ఉంటే చాలు, పైపైన గీత గీసి గింజలు వేసేయొచ్చు.

మరి ఆ మడిని తయారు చేసుకునేదెలా? నేలను తవ్వి ఆరబెట్టాలనుకోవడం కన్నా, పైన పడే వానను ఆపడం తేలిక. ఫిబ్రవరి ఆఖరులో మడి మీద నల్లటి టార్పాలిన్ పట్టా పరిచి, అంచులకు ఇసుక సంచులో, ఇటుకలో పెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే కొత్తగా నీరు దిగదు, లోపల ఉన్నది నెమ్మదిగా కిందికి పోతుంది. వెలుతురు అందక కలుపు చస్తుంది. పట్టా తీసేనాటికి మట్టి పక్క మడి కన్నా ముందే పదునుకొస్తుంది. ఒక్కటే చిక్కు, దాని కింద స్లగ్గులు చేరతాయి. గుల్ల లేని నత్తల్లాంటి ఈ పురుగులు ఈ ప్రాంతంలో లేత మొక్కలను రాత్రికి రాత్రే మొదలంటా కొరికేస్తాయి. వారానికోసారి పట్టా అంచు ఎత్తి ఏరేయాలి. శీతాకాలం కోసం పైన పరిచిన ఎండుటాకులు, గడ్డి ఉంటే మార్చిలో వాటిని పక్కకు లాగేయాలి. అవి నేలను కాపాడిన మాట నిజమే గానీ, ఇప్పుడు ఎండ తగలనివ్వకుండా అడ్డుపడతాయి.

మడిలో కాలు పెట్టకపోవడం అన్నిటికన్నా చవకైన మందు. మడి నాలుగు అడుగుల వెడల్పుకు మించకపోతే రెండు పక్కల నుంచీ చేయి అందుతుంది. నడవడానికి దారులు వేరుగా ఉంచి, వాటిలో చెక్క పొట్టు పోయాలి. తప్పనిసరై లోపలికి వెళ్లాల్సొస్తే వెడల్పాటి చెక్క పలక వేసి దాని మీద నిలబడాలి, బరువు ఒక్కచోట పడదు. పదునొచ్చాక కూడా మట్టిని తలకిందులు చేయక్కర్లేదు. పొడవాటి పళ్లున్న ఫోర్క్ గుచ్చి, పిడిని వెనక్కి వంచి, మట్టి కాస్త లేవగానే వదిలేసి, జానెడు వెనక్కి జరిగి మళ్లీ గుచ్చుకుంటూ పోతే సరిపోతుంది. పొరలు ఎక్కడివక్కడే ఉంటాయి, గాలికి మాత్రం దారి దొరుకుతుంది. పైన అంగుళం మందాన బాగా మాగిన కంపోస్ట్ పరిస్తే వానపాములే లోపలికి లాక్కుంటాయి.

ఎత్తు మడులు మనవాళ్లకు కొత్త కాదు. వంగ, మిరప నారుమళ్లు ఎప్పుడూ జానెడు ఎత్తునే పోస్తారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1970లలో నల్లరేగడి నేలల కోసం వెడల్పాటి మడి, పక్కన కాలువ ఉండే పద్ధతిని రూపొందించింది. వానాకాలంలో బురదై పని చేయనివ్వని నేలలో అదనపు నీటిని కాలువలోకి పంపడమే అందులో కిటుకు. ఇక్కడ చెక్క పలకలతో కట్టే మడి చేసే పనీ అదే. ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల ఎత్తు ఉంటే నీరు త్వరగా దిగుతుంది, పక్కల నుంచి కూడా ఎండ తగిలి మట్టి ముందే వెచ్చబడుతుంది. అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం మాత్రం తప్పు. సన్న మట్టిలోని నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు. పైన మట్టి పూర్తిగా నానాకే వదులుతుంది. దాంతో వేళ్లున్న చోటే బురదవుతుంది. గులక బదులు అడుగు నేలను ఒకసారి, అదీ సెప్టెంబర్‌లో పొడిగా ఉన్నప్పుడు, ఫోర్కుతో గుల్ల చేసి ఆ మీద మట్టి పోయాలి. మడి మొత్తం కంపోస్ట్‌తోనే నింపడమూ మంచిది కాదు. అది ఏడాదిలోనే బాగా కుంగుతుంది, భాస్వరం అవసరానికి మించి పేరుకుంటుంది.

జిగురు నేలలో ఇసుక కలపమని సలహా ఇచ్చేవాళ్లు అన్ని చోట్లా ఉంటారు. మొత్తం మట్టిలో సగానికి పైగా ఇసుకే ఉండేలా కలిపితే తప్ప దానివల్ల గుణం లేదు. నాలుగు బస్తాలు కలిపితే బంకమట్టి ఇసుక రేణువుల సందుల్లో నిండి ఇంకా గట్టిపడుతుంది. జిప్సం సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. మన ఊళ్లలో చౌడు నేలకు జిప్సం వేసి బాగుచేయడం చూసినవాళ్లు ఇక్కడా అదే పని చేయాలనుకుంటారు. చౌడు నేల చెడేది సోడియం వల్ల. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి మట్టిని గుల్లబరుస్తుంది. వేల ఏళ్లుగా వానలు కడిగేసిన ఈ నేలల్లో తప్పించడానికి సోడియమే లేదు. ఇక్కడి నేల బిగుసుకుపోయేది తొక్కడం వల్ల. దానికి బస్తాలో దొరికే మందు లేదు.

సున్నం మాత్రం ఇక్కడ నిజంగానే పనికొస్తుంది. తెలంగాణ నల్లరేగడిలో క్షార గుణం ఎక్కువ, సున్నం అక్కర్లేదు. ఇక్కడ వానకు కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి నేల పుల్లబడుతుంది. ఎంత వేయాలన్నది మట్టి పరీక్ష చేయించి తెలుసుకోవాల్సిందే, అంచనాతో చల్లేది కాదు. అది కరిగి పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి శరదృతువులో వేయడం మేలు. నత్రజని వేసే కాలం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫిబ్రవరిలో వేసిన నత్రజని వానతో పాటే కిందికి పోతుంది. సేంద్రియ ఎరువుల నుంచి దాన్ని విడదీసే సూక్ష్మజీవులు 10 డిగ్రీల లోపు మందకొడిగా ఉంటాయి. ఏప్రిల్‌లో ఆకులు పాలిపోయి కనిపిస్తే నేలలో సారం లేదని కంగారుపడి ఎరువు కుమ్మరించకూడదు. నేల వెచ్చబడితే చాలాసార్లు ఆ ఆకులే పచ్చబడతాయి. ఎరువు వేయాల్సింది మొక్క ఊపందుకున్నాకే.

ఇన్ని చెప్పుకున్నా, మార్చిలో నేల ఎలా ఉంటుందన్నది చాలావరకు సెప్టెంబర్‌లోనే తేలిపోతుంది. అప్పుడు నేల పొడిగా, పనికి అనువుగా ఉంటుంది. కొత్త మడి కట్టాలన్నా, గట్టి పొరను వదులు చేయాలన్నా, రెండు మూడు అంగుళాల కంపోస్ట్ ఒకసారి లోతుగా కలపాలన్నా అదే కాలం. మన దగ్గర వరికి ముందు జీలుగ, జనుము చల్లినట్టు ఇక్కడ క్రిమ్సన్ క్లోవర్, వెచ్, రై లాంటి పచ్చిరొట్ట పైర్లు వేస్తారు. బెండ, టమాటా ఇంకా కాస్తుండగానే సెప్టెంబర్‌లో వాటి మధ్య క్లోవర్ గింజలు చల్లేయొచ్చు. అక్టోబర్ మొదటి వారం దాటితే మొలకలు చలికి ఎదగవు, వాన నేరుగా నేలను కొడుతుంది. ఎదిగిన పైరు వాన దెబ్బను కాస్తుంది, కొట్టుకుపోయే నత్రజనిని పట్టుకుంటుంది, వసంతంలో వేళ్లతో నీటిని లాగి నేలను ఆరబెడుతుంది. ఏప్రిల్ ఆఖరున మొగ్గ కట్టగానే నేల మట్టానికి కోసి, వేళ్లను నేలలోనే వదిలేయాలి. కోసిన రొట్టను మడి మీదే పరిచి, పైన టార్పాలిన్ కప్పి మూడు వారాలు ఉంచితే మెత్తబడిపోతుంది. రై పూతకు రాకముందే కోస్తే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి చిన్న పెరళ్లకు క్లోవరే నయం. పట్టా తీసేసరికి మే నెల సగం దాటుతుంది, కిటికీ దగ్గర పెంచిన బీర, సొర నారును వారం పది రోజులు బయటి గాలికి అలవాటు చేసి, నారు పట్టేంత గుంట మాత్రమే తీసి నాటుకోవచ్చు.